రాళ్ళ డాక్టరు వాయిసీ

మాది పెదపారుపూడి. మా చేలో ఎంత తవ్వినా నల్లమట్టే గానీ గులకరాయైనా తగలదు. రోలు కావాలన్నా బయటి నుంచి రావలసిందే. అలాంటి ఊరివాణ్ణి డిగ్రీలో జియాలజీ తీసుకుంటే మా నాన్న నెల్లాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. రాళ్ళు చదివి ఏం పండిస్తానని ఆయన బాధ. ఆయనకు ఏదో ఒకటి చెప్పుకోవాలి గదా అని వెతుకుతుంటే దొరికిన మనిషి హెన్రీ వెస్లీ వాయిసీ.

ఆయన కుంపిణీ వైద్యుడు. 1818లో లాంబ్టన్ దొర నడిపే మహా త్రికోణమితి సర్వేలో డాక్టరుగానూ, భూగర్భ శాస్త్రజ్ఞుడుగానూ చేరాడు. ఇంగ్లండులో విలియం స్మిత్ తన భూగర్భ పటం అచ్చువేసి అప్పటికి మూడేళ్ళే. ఇక్కడ వాయిసీకి నేర్పేవాడు లేడు, చూసి గీయడానికి పాత పటమూ లేదు. రోగులకు మందిచ్చేదీ ఆయనే, సుత్తి పట్టేదీ ఆయనే.

1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో దళం మొత్తం జ్వరాన పడింది. ఎవరి పేరు తర్వాత హిమాలయ శిఖరానికి పెట్టారో ఆ జార్జి ఎవరెస్టూ అందులో ఉన్నాడు. హైదరాబాదు నుంచి ఏనుగులూ బండ్లూ పంపి మోయించవలసి వచ్చింది. దారిలో పదిహేనుమంది పోయారు. ఎవరెస్టు ఒళ్ళు బాగుచేసుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. వాయిసీ కోలుకుని మళ్ళీ సుత్తి పట్టాడు. హైదరాబాదు ప్రాంతంలో ఏ రాయి ఎక్కడుందో పటం గీశాడు. మన దేశంలో తొలి భూగర్భ పటం అదేనంటారు. జియలాజికల్ సర్వే పుట్టింది 1851లో!

బనగానపల్లె గనులు చూసి, గులకలు అతుక్కుపోయిన రాతిపొరే వజ్రానికి పుట్టిల్లు అనుకున్నాడు. పొరబడ్డాడు. వజ్రం పుట్టేది భూమిలో చాలా లోతున, ఆ పొరలోకి తర్వాత కొట్టుకొచ్చింది. అయినా గని దాకా వెళ్ళి, రాయి పట్టి చూసి చేసిన పొరపాటు అది. కుర్చీలో కూర్చుని చెప్పిన నిజం కంటే నాకదే ఇష్టం.

1823లో లాంబ్టన్ పోయాడు. మరుసటి ఏప్రిల్లో, నాగపూరు నుంచి కలకత్తా వెళుతూ దారిలోనే వాయిసీ కన్నుమూశాడు. హైదరాబాదు మీద ఆయన రాసిన నివేదిక కలకత్తాలో అచ్చయింది 1833లో.

దక్కను నల్లరాయి నిప్పులో పుట్టిందని నమ్మినవాడు వాయిసీ. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకు ఈ కథంతా చెప్పి, ఆ నల్లరాయి అరిగితే కృష్ణమ్మ మోసుకొచ్చిన మట్టి మన చేలోనూ ఉందన్నాను. ఆయన ఏమీ అనలేదు. వంగి ఒక గడ్డ తీసి, నలిపి, వేళ్ళ మధ్య చూసుకున్నాడు. మర్నాడు ధాన్యం డబ్బులోంచి నా ఫీజు లెక్కపెట్టి ఇచ్చాడు.