కొలిచాకే మందు: యల్లాప్రగడ సుబ్బారావు నేర్పిన పాఠం

బిడ్డ పాలిపోయి కనిపిస్తే ఐరన్ టానిక్ కొనడం మనకు అలవాటు. చాలామందికి అదే సరైన మందు. కానీ కొందరు పిల్లల్లో రక్తం తక్కువగా ఉంటుంది, ఐరన్ మాత్రం ప్రమాదకరంగా పేరుకుపోతుంది. రక్తహీనతలన్నీ ఒకటి కావని, ఒకరికి మేలు చేసేది మరొకరికి కీడు చేయవచ్చని అర్థం కావాలంటే మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితం తెలుసుకోవాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి త్వరగా పోయారు. తల్లి నగలమ్మి చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి బ్రిటిష్ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతలోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికారు. స్ప్రూలో తిన్న తిండి ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. అప్పట్లో దానికి కారణం ఎవరికీ సరిగా తెలియదు.

రంగుతో కొలత

1920ల తొలినాళ్లలో భార్యను పుట్టింట వదిలి అమెరికాలోని బోస్టన్‌కు వెళ్లారు. మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆసుపత్రిలో రాత్రిళ్లు మలమూత్ర పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు మార్పు ద్వారా కొలిచే పద్ధతి కనుగొన్నారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని తర్వాతి తరాల వైద్య విద్యార్థులు పుస్తకాల్లో చదువుకున్నారు. శరీరానికి శక్తినిచ్చే ఏటీపీని వేరుచేసిన తొలి పరిశోధకుల్లో ఆయనొకరు. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే మందుల సంస్థలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. అంటే అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే ఒక సమాధానం దొరికింది. ఐరన్ ఎంత ఇచ్చినా తగ్గని రక్తహీనత ఫోలిక్ యాసిడ్‌తో తగ్గవచ్చని లోకానికి తెలిసింది.

ఆ తర్వాతి అడుగు ఇంకా గొప్పది. రక్త క్యాన్సర్ కణాలు పెరగాలన్నా ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ముదిరిన 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో వెల్లడైన ఆ ఫలితాలే నేటి కీమోథెరపీకి తొలిమెట్టు. ఒకరికి ఇవ్వాల్సినదాన్నే మరొకరికి అందకుండా చేయాలి. తేల్చేది పరీక్షే.

మట్టిలోంచి మందు

బోధన్ చెరకు చేలలో తొలకరి పడగానే కమ్మని వాసన వస్తుంది. దాన్ని పుట్టించేది ప్రధానంగా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. ఆ జాతిలోని ఒక రకం నుంచి సుబ్బారావు బృందంలోని బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు. 1948లో అది వెలుగుచూసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.

మరో పన్నెండేళ్లకు, 1960 ప్రాంతంలో, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు అదే జాతిలోని ఇంకో రకం నుంచి ఐరన్‌ను పట్టి బంధించే పదార్థాన్ని గుర్తించారు. దాని నుంచి వచ్చినదే డెస్‌ఫెరియాక్సమిన్ ఇంజెక్షన్. అందులో సుబ్బారావు ప్రమేయం లేదు. కానీ మట్టిలో మందులు వెతికే దారిలో ముందు నడిచినవారిలో ఆయన ఉన్నారు.

ఈ మందు అవసరం ఎక్కువగా తలసీమియా పిల్లలకే. వారికి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో సంచితో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి చేరుతుంది. శరీరం తనంతట తాను బయటికి పంపగలిగేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది గుండె, కాలేయం, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. డెస్‌ఫెరియాక్సమిన్ ఆ ఐరన్‌ను పట్టుకుని మూత్రం, మలం ద్వారా బయటికి పంపుతుంది. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దు. మందు ఒంట్లో నిమిషాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో 8 నుంచి 12 గంటల పాటు, వారంలో ఐదు రాత్రులకు తక్కువ కాకుండా ఎక్కించాలి.

కూలి మానుకుని బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే తల్లిదండ్రులకు ఇది చిన్న శ్రమ కాదు. రోజూ సూది గుచ్చితే బిడ్డ ఏడుస్తుంది, మానేస్తే ఆ రోజుకు ఏమీ కాదు. అందుకే చాలామంది మధ్యలో ఆపేస్తారు. నష్టం ఏళ్ల తర్వాత గుండె మీద పడుతుంది. సూది భరించలేకపోతే డాక్టర్‌ను అడగండి. డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ వంటి నోటి మందులున్నాయి. అసలు మందే మానడం మాత్రం వద్దు.

ఇవి గుర్తుంచుకోండి

• ఐరన్ టానిక్ వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే సీసా మార్చొద్దు. ఫెరిటిన్, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.

• రక్తం ఎక్కించుకునే పిల్లలకు డాక్టర్ చెప్పనిదే ఐరన్, విటమిన్-సి మందులు ఇవ్వొద్దు.

• డెస్‌ఫెరియాక్సమిన్ వాడుతుండగా జ్వరం వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. ఒంట్లో ఐరన్ ఎక్కువున్నవారికి, ఈ మందు తీసుకునేవారికి కొన్ని ఇన్‌ఫెక్షన్లు తీవ్రమవుతాయి. ఏడాదికోసారి కంటి, చెవి పరీక్షలు తప్పనిసరి.

• దంపతులిద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందు గానీ, గర్భం తొలి నెలల్లో గానీ పరీక్ష చేయించుకోండి.

సుబ్బారావు శాస్త్రయాత్ర ఒక కొలత పద్ధతితో మొదలై ఎన్నో మందుల దాకా సాగింది. పాలిపోయిన బిడ్డ విషయంలోనూ ఆ వరుస మారకూడదు. ముందు కొలత, తర్వాతే మందు.