లేడీ అలెన్ రాసిన ఉత్తరం

మార్జరీ అలెన్ పేరు మన విద్యార్థి లోకంలో చాలామందికి కొత్తే. తెలిసిన ఆ కొద్దిమందికీ పిల్లల ఆటస్థలాలను ప్రచారం చేసిన మనిషిగానే తెలుసు. నా ఉద్దేశంలో ఆమె చేసిన అసలైన పని వేరే ఉంది.

ఆమె 1897లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో జన్మించింది. రెడింగ్ యూనివర్సిటీ కాలేజీలో చదివింది ఏమిటనుకున్నారు? తోటల పెంపకం! లండన్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణం మిద్దెమీద తోట వేసిందీ ఆమే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకెళ్ళిన క్లిఫర్డ్ అలెన్‌ను 1921లో వివాహమాడింది. 1939లో ఆయన మరణించాడు.

రెండో యుద్ధకాలంలో ఆమె దృష్టి పిల్లల ఆశ్రమాలమీద పడింది. తల్లిదండ్రులు లేనివాళ్ళూ, ఉండీ సాకలేని ఇళ్ళవాళ్ళూ అక్కడ ఉండేవారు. వాళ్ళ బాగోగులు చూసే బాధ్యత ఒక శాఖది కాదు. కొందరు ఆరోగ్యశాఖ కింద, కొందరు విద్యాశాఖ కింద, కొందరు హోంశాఖ కింద! నలుగురు కాపలా కాసే చేను ఎవరూ కాయని చేనే కదా. బహిరంగ విచారణ జరపాలని కోరుతూ ఆమె 1944 జూలైలో 'టైమ్స్' పత్రికకు ఉత్తరం రాసింది. దానికి దేశం నలుమూలలనుంచీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిలో కొన్నింటిని ఏర్చి 1945లో చిన్న పుస్తకంగా వేసింది.

1945 జనవరిలో డెనిస్ ఓనీల్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు ష్రాప్‌షైర్‌లో ఒక రైతు ఇంట్లో దెబ్బలకు చనిపోయాడు. న్యూపోర్ట్ కౌన్సిల్ అతణ్ణి పెంపకానికి ఆ ఇంట్లో పెట్టింది. వాణ్ణి చూసి రావలసింది మీరంటే మీరని న్యూపోర్ట్‌వారికీ ష్రాప్‌షైర్‌వారికీ మధ్య అయోమయం. పాలు పితికే చేతులతో పసివాణ్ణి కొట్టిన ఆ రైతును తలుచుకుంటే రైతుబిడ్డగా నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఆమె హెచ్చరించిన లోపమే వాడి ప్రాణం తీసింది.

ఆ ఏడే మైరా కర్టిస్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 1946లో నివేదిక, 1948లో చట్టం వచ్చాయి. కౌంటీ కౌన్సిళ్ళంటే మన జిల్లా పరిషత్తుల వంటివి. ప్రతి కౌన్సిల్‌లోనూ పిల్లల కమిటీ ఉండాలన్నారు. పిల్లలకోసమే ఒక ఆఫీసరును వేయాలన్నారు. ఫలానా పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి అప్పటికి దొరికాడన్నమాట. వీలైతే బిడ్డను మళ్ళీ తల్లిదండ్రులకో బంధువులకో చేర్చే ప్రయత్నం చెయ్యాలని కూడా ఆ చట్టంలో ఉంది.

కానీ ఇంట్లో తిండికి లేకనే కదా బిడ్డ ఆశ్రమానికి వచ్చింది? ఆ ఇంటికి ఆసరా ఇచ్చే సంగతి తేలడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. బిడ్డ ఇల్లు విడవకముందే కుటుంబానికి సలహా, సాయం, మరీ అవసరమైతే డబ్బు కూడా ఇవ్వవచ్చని 1963 చట్టం కౌన్సిళ్ళకు అధికారమిచ్చింది. ఇంత ఆలస్యమెందుకో నాకైతే అర్థం కాదు. పిల్లవాణ్ణి తెచ్చి పెంచే ఖర్చుకంటే తల్లి చేతిలో పెట్టే సాయమే తక్కువయ్యేది కాదా?

లేడీ అలెన్ ఆ చట్టాన్నీ చూసింది. 1976లో కన్నుమూసింది.