కాలిన చేతులను పట్టుకొనిన అమ్మ

ధ్యానభాగములు: న్యాయాధిపతులు 11:29-40, మార్కు 10:13-16



యెఫ్తా యుద్ధమునకు పోవుచు దేవునికి మ్రొక్కుకొనెను. జయము పొంది తిరిగి వచ్చునప్పుడు తన యింటినుండి ఎదురు వచ్చుదానిని అర్పింతునని అతని మ్రొక్కుబడి. ఎదురు వచ్చినది అతని ఒక్కగానొక్క కుమార్తె. మ్రొక్కినవాడు తండ్రి, చెల్లించినది బిడ్డ. ఆమె రెండు నెలలు చెలికత్తెలతో కొండలమీద ఏడ్చెను. ఆ తరువాత ఇశ్రాయేలు కుమార్తెలు ఏటేట నాలుగు దినములు ఆమెను తలంచుకొనుచు వచ్చిరి. అయితే ఆ రెండు నెలలలో ఊరిపెద్దగాని యాజకుడుగాని ఒక్కడైనను ఆ తండ్రియొద్దకు పోయి వద్దని చెప్పినట్లు ఆ అధ్యాయములో కనబడదు. పోయిన తరువాత ఏడ్చినవారు ఉన్నారు గాని, పోకముందు అడ్డుపడినవారు లేరు.

ఆచారమను పేరుతో ఆడబిడ్డల దేహమును బలిచేయుట ఆ కాలముతో ఆగలేదు. ఆఫ్రికాలోను ఆసియాలోను అనేక దేశములలో ఆడబిడ్డలకు మర్మాంగమందు కోత పెట్టు ఆచారము నేటికిని కలదు. ఆ కోత పడిన స్త్రీలును బాలికలును లోకములో 23 కోట్లకు పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి బాలల నిధి 2024లో లెక్క చెప్పినది. రక్తము పోయి చనిపోవువారు కలరు, కాన్పులో ప్రాణముమీదికి తెచ్చుకొనువారు కలరు. కోయించువారు పగవారు కారు, కన్నతల్లులు, అవ్వలు. కోయించనియెడల బిడ్డకు పెండ్లి కాదను భయమే అనేకచోట్ల దానికి కారణము. మన దేశములో దావూదీ బొహ్రా అను చిన్న వర్తక సమాజములో ఇది కలదు. ఆ సమాజపు స్త్రీలే కొందరు ముందుకు వచ్చి దీనిని మాన్పుడని అడిగిరి. 2018లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును పెద్ద ధర్మాసనమునకు అప్పగించినది.

ఇది వినినప్పుడు మన ఊరి సంగతి కాదుగదాయని మనము నెమ్మదిపడుదుము. అయితే బసివి, జోగిని, మాతమ్మ అను మాటలు మనము ఎరుగనివి కావు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు మ్రొక్కుకొని, బ్రతికిన తరువాత ఆ బిడ్డను దేవతకు విడుచుదురు. ఆమెకు మగడు లేడు, తనదను ఇల్లు లేదు. ఆమె దేహము ఊరివారి సొత్తగును. ఇది బీదల యిండ్లలో, మన చుట్టములవంటివారి పేటలలో జరిగిన సంగతి. అట్టి బిడ్డల పక్షమున నిలిచిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల తలంచుకొందము.

అమీ కార్మైకేల్ 1867 డిసెంబరు 16న ఐర్లాండు ఉత్తరభాగమున మిల్లైల్ అను సముద్రతీర గ్రామములో పుట్టెను. చిన్నతనమున నీలి కన్నులు కావలెనని ప్రార్థించి, తెల్లవారి అద్దములో తన గోధుమవన్నె కన్నులే కనబడగా చిన్నబోయెనట. ఆమె పడుచుప్రాయములో తండ్రి చనిపోయెను. బెల్‌ఫాస్టు పట్టణములో మిల్లు కూలికి పోవు పిల్లలుండిరి. టోపీ కొను శక్తి లేక తలపై శాలువ కప్పుకొను ఆ పిల్లలు గుడికి వచ్చుట గొప్పయిండ్లవారికి నచ్చలేదు. అమీ వారికొరకు రేకులతో ఒక సభామందిరము కట్టించెను. త్రోసివేయబడిన ఆడపిల్లల పక్షమున నిలుచుట ఆమెకు అక్కడనే అలవాటాయెను.

1893లో జపాను దేశమునకు వెళ్లి, ఆరోగ్యము చెడి తిరిగి వచ్చెను. 1895లో బెంగుళూరు చేరి, పిమ్మట తిరునల్వేలి సీమకు పోయి వాకర్ దొరగారియొద్ద అరవము నేర్చుకొనెను. అక్కడి క్రైస్తవ స్త్రీలు కొందరు ఆమెతో కలిసి ఎడ్లబండిలో ఊరూర తిరిగి సువార్త చెప్పిరి. వారిలో పొన్నమ్మాళ్ అను విధవరాలు ముఖ్యురాలు. అమీ పేరు లోకమంతట తెలిసినది గాని, పొన్నమ్మాళ్ వంటి మనదేశపు స్త్రీల చేతులు లేనియెడల ఆ పని నిలిచెడిది కాదు. పొన్నమ్మాళ్ 1915లో ప్రభువునందు నిద్రించెను.

1901 మార్చి నెలలో ప్రీన అను ఏడేండ్ల బిడ్డ గుడినుండి తప్పించుకొని వచ్చెను. ఆమె అంతకుముందు ఒకసారి పారిపోయి తల్లియొద్దకు పోయినది. తల్లి భయపడి తిరిగి గుడి స్త్రీలకే అప్పగించెను. వారు ఆ బిడ్డ చేతులను కాల్చిన ఇనుముతో వాతలు పెట్టిరి. రెండవసారి పారిపోయినప్పుడు ఒక క్రైస్తవ స్త్రీ ఆమెను చేరదీసి, మరునాడు అమీ యొద్దకు తెచ్చెను. బిడ్డ పోయి ఆమె ఒడిలో కూర్చుండెను. తన బొమ్మలతో గుడిలో జరుగు సంగతులను ఆడి చూపెను. అమీ ఆ సంగతులను అంతకుముందు ఎరుగదు. ఆనాటినుండి ఆమెకు నిద్ర పట్టలేదు.

ఎంతమంది బిడ్డలు ఇట్లు పోవుచున్నారని అడిగిన, చెప్పువారు లేకపోయిరి. అట్టిది లేనేలేదని కొందరు, ఉన్నను మనకెందుకని కొందరు అనిరి. కావున ఆమె చీర కట్టి, చేతులకు కాఫీ రంగు పూసికొని, ఊళ్లు తిరిగి స్వయముగా విచారించెను. చిన్ననాడు వద్దనుకొనిన గోధుమవన్నె కన్నులు అప్పుడు అక్కరకు వచ్చెను. చూచినది చూచినట్లు ఆమె వ్రాయగా, అది ఉత్సాహము చెరచునని మిషనువారు మొదట ఆ ప్రతిని త్రిప్పి పంపిరి. 1903లో అది అచ్చయి, చదివినవారి మనస్సు కలచెను.

దోనావూరులో బిడ్డలు ఒక్కొక్కరే వచ్చి చేరిరి. 1904 మొదలు చంటిబిడ్డలును వచ్చిరి. సువార్తకు తిరుగవలసిన దొరసాని పిల్లలకు నీళ్లు పోయుచు, ఉయ్యాల ఊపుచు కూర్చున్నదని ఆక్షేపించినవారు కలరు. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు ఆమె కన్నులయెదుట నుండెను. జబ్బుతో పసిబిడ్డలు కొందరు చనిపోయిరి. బిడ్డలను ఎత్తుకొనిపోవుచున్నదని నేరము మోపజూచినవారును ఉండిరి. అయినను 1913 నాటికి సుమారు 130 మంది ఆమెను అమ్మ అని పిలుచుచుండిరి. 1918లో మగబిడ్డలకును ఇల్లు తెరచిరి. 1931లో ఒక గోతిలో పడి కాలు విరిగి, ఆమె సుమారు ఇరువది యేండ్లు మంచముపట్టి, అక్కడనుండియే పుస్తకములు వ్రాసెను. మన దేశమునకు వచ్చిన తరువాత స్వదేశమునకు మరల పోలేదు. 1951 జనవరి 18న దోనావూరులోనే కన్నుమూసెను. సమాధిమీద రాయి వద్దని ఆమె చెప్పియుండుటచేత, పిట్టలు నీళ్లు త్రాగు తొట్టిని బిడ్డలు అక్కడ ఉంచిరి.

ఆమె చనిపోకముందే కాలము మారెను. అట్టి కుటుంబపు స్త్రీకి పుట్టిన డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డిగారు మద్రాసు శాసనసభలో పోరాడిరి. 1947లో బిడ్డలను దేవతలకు విడుచుట నేరమని మద్రాసు రాజధానిలో చట్టమాయెను. మన నెల్లూరు జిల్లా అప్పుడు దానిలోనిదే. 1988లో ఆంధ్రప్రదేశ్ వేరుగా చట్టము చేసినది. అయినను 2017లో చిత్తూరు జిల్లా మాతమ్మల విషయమై జాతీయ మానవ హక్కుల సంఘము మన ప్రభుత్వమును సంజాయిషీ అడుగవలసి వచ్చెను. చట్టము కాగితముమీద ముందు పోవును. మనస్సు వెనుక నడచును.

మనస్సు ఎట్లు మారును? 1929లో కెన్యా దేశములో స్కాట్లాండు మిషనువారు కోత ఆచారమును విడువనివారికి సంఘములో చోటు లేదనిరి. వారి ఉద్దేశము మంచిదే. అయితే అనేకులు సంఘమునే విడిచి, వేరుగా బడులు పెట్టుకొనిరి. సెనెగల్ దేశములో వేరొక రీతిగా జరిగినది. 1997లో ఒక ఊరి స్త్రీలు తమకు తామే కోత మానెదమని చెప్పిరి. పొరుగూరి ముస్లిము పెద్ద ఒకరు, ఒక్క ఊరు మానిన చాలదు, పిల్లనిచ్చి పుచ్చుకొను ఊళ్లన్నియు కలిసి మానవలెనని గ్రహించి, కాలినడకన పోయి చుట్టములతో మాటలాడెను. 1998లో 13 ఊళ్లు కలిసి మాట ఇచ్చినవి. కెన్యాలోను బడిచదువు చేతను, చట్టము చేతను, తల్లులు మనస్సు మార్చుకొనుట చేతను, కోతపడిన స్త్రీలు 1998లో నూటికి 38 మంది ఉండగా 2022లో 15 మందికి తగ్గిరి.

ప్రియులారా, మన యిండ్లలో కోత లేదు. అయితే చిన్నవయస్సు పెండ్లి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిది నిండకమునుపే పెండ్లి అయినదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినది. ఇదియు బిడ్డ దేహముమీద పడు భారమే. ఇదియు సంబంధము తప్పిపోవునను భయముతో తల్లిదండ్రులు చేయునదే.

మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట ఒక కుటుంబము, పదవ తరగతి ముగియని తమ బిడ్డ పెండ్లి ప్రకటన గుడిలో చదువుమని మాయొద్దకు వచ్చిరి. మేము చదువమంటిమి. వారు ఆ బిడ్డను వేరొక ఊరికి తీసికొనిపోయి పెండ్లి చేసిరి. మా పుస్తకములో మచ్చ పడలేదు గనుక మేము నెమ్మదిగా ఉంటిమి. ఆ యింటికి పోయి, చాపమీద కూర్చుండి, ఆ తండ్రి భయమేమిటో అడుగలేదు. పిల్లవానివారి ఊరి సంఘపెద్దలతో మాటలాడలేదు. మొదటి ఏటనే కాన్పులో ఆ బిడ్డ పడిన బాధ విని, మేమును యెఫ్తా ఊరివారిలో ఒకరమైతిమని తెలిసికొంటిమి.

కాబట్టి ఈ నాట్లు ముగిసిన తరువాత స్త్రీల కూటములో తల్లులందరు కలిసి మాటలాడుకొనవలెనని కోరుచున్నాము. మనము పిల్లనిచ్చి పుచ్చుకొను ఊళ్ల సంఘములకును కబురు పంపుదము. పదునెనిమిది నిండనిదే మా బిడ్డను ఇయ్యము, మా కొడుకుకు తెచ్చుకొనము అని అన్ని ఊళ్లు కలిసి ప్రభువు బల్లయెదుట మాట ఇత్తము. ఒక్క యిల్లు చెప్పిన భయము. అందరును చెప్పిన ధైర్యము. ఏ బిడ్డయైనను కాపరి యింటి తలుపు తట్టినయెడల, ఏ రాత్రియైనను తెరవబడును.

ప్రార్థన: చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువా, మా భయమునకు మా బిడ్డలు వెల చెల్లింపకుండునట్లు మాకు ధైర్యమిమ్ము. పోకముందే అడ్డుపడు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.

కొడవలూరు సంఘకాపరి