రెండు పుస్తకాలు, రెండు ఎంట్రీలు: మైకేల్ డిలన్ జీవితం

ఇంజినీరింగ్ సీటు కోసం సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి వెళ్ళిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంటర్ మెమోలో వెనకుంటుంది. ఆధార్‌లో ఒక అక్షరం తేడా. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాల పైనుంచి మనవైపు ఓ చూపు చూస్తాడు. ఆ కాసేపూ మనం మనమేనా అని మనకే అనుమానం వస్తుంది. నాన్న అఫిడవిట్ కోసం నోటరీ దగ్గరికి పరిగెడతాడు. ఒక్క అక్షరానికే ఇంత హైరానా!

1958లో ఒక మనిషి జీవితం సరిగ్గా ఇలాగే, రెండు పుస్తకాల్లో పొసగని ఒకే ఒక్క ఎంట్రీ వల్ల తలకిందులైంది. అయితే తేడా అక్షరంలో కాదు. ఒక పుస్తకంలో ఆయన తమ్ముడు. ఇంకో పుస్తకంలో చెల్లెలు. ఆ మనిషి పేరు లారెన్స్ మైకేల్ డిలన్. పుట్టుకతో ఆడపిల్లగా నమోదై, హార్మోన్లతో, ఆపరేషన్లతో మగవాడిగా మారి బతికిన తొలితరం వాళ్ళలో ఒకరు. పుట్టింది లండన్‌లో, పోయింది మన హిమాలయాల్లోని డల్హౌసీలో. మధ్యలో పడవ పోటీలు, పెట్రోల్ బంకు, డాక్టరు చదువు, ఓడ ప్రయాణాలు, బౌద్ధ మఠం. నలభై ఏడేళ్ళకే ఇన్ని.

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆయన వదిలేసుకున్నాడు కాబట్టి ఇక్కడ నేనూ రాయడం లేదు. కథంతా మైకేల్ అనే చెబుతాను.

1915 మే 1న పుట్టాడు. కొద్ది రోజులకే తల్లి పోయింది. ఐర్లండ్‌లో బారొనెట్ బిరుదున్న పాత కులీన కుటుంబం. తండ్రి ఈ పసిబిడ్డనీ, ఏడాది పెద్దవాడైన అన్న రాబర్ట్‌నీ ఫోక్‌స్టన్ అనే ఊళ్ళో ఉండే తన అక్కచెల్లెళ్ళకి అప్పజెప్పాడు. మేనత్తల ఇంట్లో గౌన్లు తొడుక్కుని పెరిగాడన్నమాట. అప్పటికి తన మనసులో ఉన్నదానికి పేరేమిటో తెలియదు. ఒకరోజు ఓ కుర్రాడు మర్యాదకి గేటు తీసి పట్టుకుని, ముందు నువ్వు వెళ్ళమన్నట్టు పక్కకి జరిగాడు. చిన్న సంగతే. కానీ ఆ క్షణంలో ఎదుటివాడి కంటికి తానొక ఆడపిల్లనని మైకేల్‌కి తట్టింది. ఆ షాక్ ఆయనకి జన్మంతా గుర్తుండిపోయింది.

ఆక్స్‌ఫర్డ్‌లో చేరాక పడవ నడపడంలో పేరు తెచ్చుకున్నాడు. యూనివర్సిటీ మహిళల బోట్ క్లబ్‌కి అధ్యక్షుడయ్యాడు. 1938లో డిగ్రీ అయ్యాక బ్రిస్టల్ దగ్గర ఓ పరిశోధనశాలలో ఉద్యోగం. అప్పుడే టెస్టోస్టెరాన్ అనే కొత్త హార్మోను సంగతి తెలిసింది. 1939లో జార్జ్ ఫాస్ అనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టరు ముందు ఒక మానసిక వైద్యుణ్ణి కలవమన్నాడు. చివరికి మాత్రలైతే చేతికొచ్చాయి గానీ, మానసిక వైద్యుడి దగ్గర చెప్పుకున్న రహస్యం నోటినోటా పాకి ఉద్యోగం చేసేచోటికి చేరింది. ఇక అక్కడ తలెత్తుకుని తిరగడం కుదరలేదు.

ఉద్యోగం వదిలి బ్రిస్టల్లో ఒక గ్యారేజీలో చేరాడు. ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ చేతిలో ఉన్నా, పని పెట్రోల్ కొట్టడం, చెడిపోయిన కార్లని లాక్కురావడం. తోటివాళ్ళు ఊరుకోలేదు. కొత్తగా ఎవరొచ్చినా ఈ మనిషి నిజానికి ఆడమనిషని చెప్పి నవ్వుకునేవాళ్ళు. బయట యుద్ధం. బ్రిస్టల్ మీద జర్మన్ బాంబులు పడుతున్న రాత్రుళ్ళు, గ్యారేజీ అంటుకోకుండా మెలకువగా కాపలా కాసే పని కూడా ఆయనదే. పగలంతా గ్రీజు, రాత్రంతా కాపలా. ఒక పక్క గొంతు బొంగురుపోతోంది, గడ్డం వస్తోంది. నెలలు గడిచేకొద్దీ బంకుకొచ్చేవాళ్ళకి ఆయనొక మామూలు మగ మెకానిక్కు, అంతే. ఎవరికీ వివరణ ఇవ్వక్కర్లేని బతుకు ఎలా ఉంటుందో ఆయన మొదటిసారి రుచి చూసింది ఏ ఆక్స్‌ఫర్డ్‌లోనో కాదు, ఆ గ్యారేజీలో.

రక్తంలో చక్కెర పడిపోయి ఒకసారి కిందపడి దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో చేర్చారు. కష్టం ఒక్కోసారి మంచికే వస్తుందంటారు కదా, అక్కడ ఓ ప్లాస్టిక్ సర్జన్ ఈయన మాట వినిపించుకున్నాడు. 1942లో ఛాతీ ఆపరేషన్ చేశాడు. జనన ధ్రువపత్రం మార్పించుకోమని సలహా ఇచ్చాడు. అంతకంటే పెద్ద సాయం, హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్ గురించి చెప్పడం. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి కొత్త ముఖాలు కట్టిన వాడు గిలీస్. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుడిగా చెప్పుకునే మనిషి. యుద్ధ క్షతగాత్రుల పని తీరాక చూద్దామన్నాడు.

1944లో జనన ధ్రువపత్రం మారింది. ఇప్పుడు కాగితం మీద కూడా ఆయన లారెన్స్ మైకేల్ డిలన్. ఆ కాగితంతో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో మెడిసిన్‌లో చేరాలనుకున్నాడు. కానీ పాత డిగ్రీ ఆడవాళ్ళ కాలేజీ పేరుతో ఉంది. మళ్ళీ మిస్‌మ్యాచ్! ఆక్స్‌ఫర్డ్‌లో తనకి చదువు చెప్పిన ఒక అధ్యాపకుడు పూనుకుని, రికార్డులో మగవాళ్ళ కాలేజీ పేరు పడేలా చేశాడు. గొప్ప ఉపన్యాసాలేం ఇవ్వలేదు ఆయన. ఒక లైను సరిచేశాడు, ఒక మనిషి చదువుకున్నాడు.

1946 నుంచి 1949 దాకా సెలవులిచ్చినప్పుడల్లా ఇంగ్లండ్ వెళ్ళి గిలీస్ చేత ఆపరేషన్లు చేయించుకునేవాడు. తక్కువలో తక్కువ పదమూడు. ఎవరూ కూపీ లాగకుండా గిలీస్ ఆసుపత్రి రికార్డులో పుట్టుకతో వచ్చిన మూత్రనాళ లోపం అని రాసుకున్నాడు. కుంటుతూ కాలేజీకి తిరిగొస్తే, యుద్ధంలో తగిలిన దెబ్బని చెప్పుకునేవాడు. ఆ నొప్పుల మధ్యనే ట్రినిటీలో మళ్ళీ తెడ్డు పట్టాడు, ఈసారి మగవాళ్ళ పడవలో. 1951లో డాక్టరయ్యాడు.

1946లోనే ఆయన పుస్తకం ఒకటి వచ్చింది. పేరు సెల్ఫ్. అందులో తన గురించి ఒక్క ముక్క లేదు, వ్యవహారమంతా హార్మోన్లూ నీతిశాస్త్రమూ. వాదన మాత్రం సూటిగా ఉంటుంది. మనసుని శరీరానికి తగ్గట్టు మార్చడం ఎవరి వల్లా కానప్పుడు, శరీరాన్నే మనసుకి తగ్గట్టు మార్చడం వైద్యుల ధర్మమంటాడు. ఇలాంటి వాళ్ళకి పిచ్చి అని ముద్రవేసి చేతులు దులుపుకునే రోజుల్లో రాసిన మాటలివి.

ఆ పుస్తకం చదివి ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. ఇంజినీరింగ్ చదివి, కారు రేసుల్లో పాల్గొని, యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం నడిపిన రాబర్టా కవెల్. ఆమెది మైకేల్ దారికి ఎదురు దారి, పురుష శరీరం నుంచి స్త్రీగా మారాలన్నది కోరిక. ఆమెకి కావలసిన మొదటి ఆపరేషన్ అప్పటి ఇంగ్లండ్ చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే తన డాక్టరు చదువు గంగలో కలుస్తుందని తెలిసీ, మైకేల్ రహస్యంగా తానే చేశాడు. ఆమెని ప్రేమించాడు కూడా. పెళ్ళి చేసుకుందామన్నాడు, ఆమె కాదంది.

ఇద్దరి దారులూ ఇక్కడ విడిపోయాయి. 1954లో రాబర్టా తన కథని తానే పత్రికకిచ్చి ప్రపంచం ముందు నిలబడింది. మైకేల్ మాత్రం ఓడల్లో డాక్టరుగా చేరి సముద్రాల మీద పడ్డాడు. నలుగురికీ కనపడటం ఆమె ఎంచుకున్న ధైర్యం. నలుగురిలో ఒకడిగా కలిసిపోవడం ఆయన కోరుకున్న శాంతి. ఏది గొప్పదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎవరికి ఏది కావాలో వాళ్ళే తేల్చుకోవాలి. మైకేల్‌కి ఆ అవకాశమే దక్కలేదు.

అన్న రాబర్ట్ అప్పటికి బారొనెట్. ఆయనకి పిల్లల్లేరు. బిరుదు మగ వారసుడికే పోతుంది. బ్రిటిష్ కులీన వంశాల వివరాలు అచ్చువేసే పెద్ద పుస్తకాలు రెండున్నాయి. డెబ్రెట్స్ పుస్తకం మారిన ధ్రువపత్రాన్ని లెక్కలోకి తీసుకుని మైకేల్‌ని వారసుడిగా చూపించింది. బర్క్స్ పుస్తకంలో పాత ఎంట్రీయే ఉండిపోయింది, చెల్లెలు అని. మన భాషలో చెప్పాలంటే ఒక డేటాబేస్ అప్‌డేట్ అయింది, రెండోది కాలేదు. 1958లో ఆ తేడా ఓ లండన్ పత్రిక కంటపడింది.

మైకేల్ ఓడ అప్పుడు అమెరికాలో బాల్టిమోర్ రేవులో ఉంది. విలేఖరులు అక్కడికే వచ్చారు. పదిహేనేళ్ళుగా ఇటుక మీద ఇటుక పేర్చుకున్న బతుకు రెండు రోజుల్లో పేపర్లకెక్కింది. పుట్టుకతో వచ్చిన లోపమని, గిలీస్ రికార్డులో రాసుకున్న మాటే చెప్పి చూశాడు గానీ, వార్త ఆగలేదు. అన్న సంబంధం తెంచేసుకున్నాడు.

ఆ ఏడాదే ఆయన ఇండియా వచ్చేశాడు. అప్పటికే బౌద్ధం మీద మనసు మళ్ళింది. కలింపాంగ్, తర్వాత సారనాథ్. బుద్ధుడి వైద్యుడైన జీవకుడి పేరు ఈయనకి పెట్టారు. పుట్టగానే చెత్తకుప్ప మీద పారేస్తే, రాజకుమారుడొకరు తెచ్చి పెంచితే, మహా వైద్యుడైనవాడు జీవకుడు. డాక్టరూ, తల్లిలేని పిల్లాడూ అయిన ఈయనకి అతికినట్టు సరిపోయింది పేరు. ఆస్తి పంచేశాడు. పూర్తి భిక్షువు కావాలనుకున్నాడు. అక్కడా ఒక పుస్తకం అడ్డొచ్చింది. స్త్రీ పురుషులు కాని మూడోరకం వాళ్ళకి ఉపసంపద ఇవ్వకూడదని వినయ నియమం. దీక్ష ఆగిపోయింది. బాల్టిమోర్‌లో వెంటపడిన ప్రశ్న సారనాథ్ దాకా వచ్చిందన్నమాట.

1960లో లడఖ్‌లోని రిజాంగ్ మఠం ఆయన్ని శ్రామణేరుడిగా తీసుకుంది. లోబ్జాంగ్ జీవక అన్నారు. నలభై అయిదేళ్ళ డాక్టరు, పదేళ్ళ పిల్లల పక్కన కింది వరసలో కూర్చున్నాడు. వంటింట్లో చాకిరీ చేశాడు. చలి, అరకొర తిండి. అయినా ఆ రోజుల గురించి ఆయన ఎంతో ఇష్టంగా పుస్తకం రాసుకున్నాడు. పర్మిట్ గడువు తీరి దిగి రావలసి వచ్చింది, మళ్ళీ వెళ్ళడానికి వీలు పడలేదు.

1962 మే 1, తన పుట్టినరోజుకి ఆత్మకథ పూర్తిచేసి ఇంగ్లండ్‌లోని ఏజెంటుకి పంపాడు. ఇన్నాళ్ళూ తన గురించి వేరేవాళ్ళు రాసిన ఎంట్రీలే. ఈసారి తానే రాశాడు. సరిగ్గా రెండు వారాలకి, మే 15న, డల్హౌసీ ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ఈ కథ అంతా చదివి, ఎక్కడో ఇంగ్లండ్ గొడవ మనకెందుకు అనిపించొచ్చు. మన హైదరాబాద్ సంగతి చూడండి. నిజాం కాలంలో, ఫసలీ 1329లో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లూ చిరునామాలూ రాసుకోవడానికి రిజిస్టరు పెట్టమంది ఆ చట్టం. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. నిన్నమొన్న! అంతకుముందు 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తన లింగం ఏమిటో చెప్పుకునే హక్కు మనిషిదేనని తీర్పునిచ్చింది. 2019 చట్టం, కలెక్టరిచ్చే సర్టిఫికెట్‌తో మిగతా కాగితాలు మార్చుకునే దారి పెట్టింది. అనుమానంతో పేర్లు రాసుకునే రిజిస్టరు నుంచి, అడిగితే పేరు సరిచేసే కాగితం దాకా రావడానికి మనకి నూరేళ్ళు పట్టింది.

చట్టం మారినా కౌంటర్ దగ్గర కూర్చునేది మనిషే. మనలోనే కొందరం రేపు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఆ కుర్చీలో కూర్చుంటాం. కొందరం ఆ రికార్డులుండే సాఫ్ట్‌వేర్ రాస్తాం. రెండు కాగితాలు పొసగకుండా ఎవరైనా ఎదురుగా నిలబడితే, ఆక్స్‌ఫర్డ్ మాస్టారిలా ఒక లైను సరిచేయొచ్చు. లేదా గట్టిగా చదివి గదంతా నవ్వించొచ్చు. మైకేల్ జీవితంలో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు.

చివరగా ఆ ఆత్మకథ సంగతి. అన్న రాబర్ట్ దాన్ని తగలబెట్టించాలని చూశాడు. ఏజెంటు ఒప్పుకోలేదు, దాచాడు. యాభై ఏళ్ళు దాటాక అది అచ్చయింది. దాని అట్ట మీద మైకేల్ డిలన్ అనీ, లోబ్జాంగ్ జీవక అనీ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఆయనవే. ఈసారి అది తేడా అని ఎవరూ అనలేదు.