హజ్రత్ ఖబ్బాబ్ (రజి) వీపు మీది మచ్చలు

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజులవి. ఒకనాడు హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి) ఆయన్ని కలవడానికి వచ్చారు. ఖలీఫా ఆయన్ని తన ఆసనం మీద కూర్చోబెట్టుకొని, ఆ స్థానానికి ఆయన కన్నా ఎక్కువ అర్హులు బిలాల్ (రజి) ఒక్కరేనని అన్నారు. ఖబ్బాబ్ (రజి) దానికి ఒప్పుకోలేదు. బిలాల్‌ను ఆదుకోవడానికి మక్కాలో ఎవరో ఒకరు ఉండేవారని, తనకు మాత్రం ఎవరూ లేరని చెప్పారు. ఒకరోజు అవిశ్వాసులు నిప్పు రాజేసి, దాని మీద తనను వెల్లకిలా పడవేసి, ఒకడు గుండెల మీద కాలు పెట్టి తొక్కిన వైనం వివరించి, చొక్కా తొలగించి వీపు చూపించారు. బొల్లి వచ్చినట్లు వీపంతా తెల్లగా మచ్చలు తేలి ఉంది.

ఖబ్బాబ్ (రజి) మక్కా వారు కాదు. తమీమ్ తెగకు చెందినవారు. బందీగా పట్టుబడి మక్కాలో బానిసగా అమ్ముడుపోయారు. ఉమ్మె అన్మార్ అనే స్త్రీ ఆయన్ని కొనుక్కుంది. కమ్మరి పనిలో ఆయన దిట్ట, ముఖ్యంగా కత్తులు చేయడంలో. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంకా అర్ఖమ్ ఇంటిని బోధనా కేంద్రంగా చేసుకోక ముందే ఆయన ఇస్లాం స్వీకరించారు. తెగ అండ లేనివాడు, పైగా బానిస. ఆనాటి మక్కాలో అలాంటి మనిషిని ఏం చేసినా అడిగేవారుండరు. ఆ సంగతి తెలిసే ఆయన తన విశ్వాసాన్ని దాచుకోలేదు.

ఇక చిత్రహింసలు మొదలయ్యాయి. కణకణలాడే బొగ్గుల మీద పడుకోబెట్టేవారు. వీపులోని కొవ్వు కరిగి ఆ నిప్పులు చల్లారేవని చరిత్రకారులు రాశారు. యజమానురాలు కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును ఆయన తలకు ఆనించేదట. తర్వాత ఆమెకే విపరీతమైన తలనొప్పి పట్టుకుందని, తలకు వాతలు పెట్టించుకోమని చెబితే ఖబ్బాబ్ చేతనే పెట్టించుకుందని కూడా జీవిత చరిత్రల్లో ఉంది.

ఒళ్ళు కాల్చడమే కాదు, కూలీ కూడా ఎగ్గొట్టారు. ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైష్ నాయకుడు కత్తులు చేయించుకొని డబ్బు ఇవ్వలేదు. ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తేనే బాకీ తీరుస్తానన్నాడు. నువ్వు చచ్చి మళ్ళీ లేచినా ఆ పని చేయనని ఖబ్బాబ్ (రజి) తేల్చేశారు. అయితే మళ్ళీ లేచాక తన దగ్గర ధనం, సంతానం ఉంటాయి కదా, అప్పుడే ఇస్తానని వాడు ఎగతాళి చేశాడు. మర్యమ్ సూరాలోని 77 నుంచి 80 వరకు ఆయతులు ఈ సందర్భంలోనే అవతరించాయి.

సహనానికీ ఒక హద్దు ఉంటుంది. ఒకసారి దైవప్రవక్త (స) కాబా నీడలో దుప్పటి తలగడగా పెట్టుకొని విశ్రమిస్తుండగా ఖబ్బాబ్ (రజి), మరికొందరు వెళ్ళి తమకోసం దుఆ చేయమని మొరపెట్టుకున్నారు. పూర్వం విశ్వాసులను రంపాలతో కోసినా, ఇనుప దువ్వెనలతో మాంసం చీల్చినా వారు ధర్మం వదల్లేదని ఆయన (స) గుర్తు చేశారు. సనా నుంచి హజ్రమౌత్ దాకా ప్రయాణికుడు అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా వెళ్ళే రోజు వస్తుందని, మీరే తొందరపడుతున్నారని చెప్పారు. ఖబ్బాబ్ (రజి) మళ్ళీ కొలిమి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత హిజ్రత్ చేశారు, బద్ర్‌లోనూ ఇతర యుద్ధాల్లోనూ పాల్గొన్నారు.

ఆ వీపు గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. కాలిన గాయం చర్మం లోతుల్లోకి దిగితే రంగునిచ్చే కణాలు నశిస్తాయి. మచ్చ తెల్లబడేది అందుకే. చెమట గ్రంథులు కూడా పోతాయి. కనుక అంత మేర చెమట పట్టదు, ఎండ వేడి తట్టుకోవడం కష్టమవుతుంది. మచ్చ బిగుసుకుపోతుంది, ఏళ్ళ తరబడి దురద పెడుతుంది. పాత కాలిన మచ్చ మీద పుండు లేచి ఎంతకీ మానకపోతే అశ్రద్ధ చేయకూడదు. అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు. శరీరాన్ని మొత్తంగా చూసి వైద్యం చేస్తామనే కొందరు, ఒకచోటి మచ్చ దూరాన ఉన్న అవయవానికీ జబ్బు తెస్తుందంటారు. జర్మనీ వైద్యుడు హూనెకె 1940లో ఇలాంటి సిద్ధాంతమే చెప్పాడు. దానికి గట్టి రుజువులు దొరకలేదు. మచ్చ మనిషినంతటినీ బాధిస్తుందన్న మాట మాత్రం కాదనలేం.

చివరి రోజుల్లో కూఫాలో ఖబ్బాబ్ (రజి) జబ్బుపడ్డారు. కడుపు మీద ఏడు వాతలు పెట్టారు. పరామర్శకు వచ్చినవారితో, మరణం కోరుకోవద్దని దైవప్రవక్త (స) వారించి ఉండకపోతే తాను కోరుకునేవాడినని చెప్పుకున్నారు. నిప్పుల మీద నోరు మెదపని మనిషి అంత మాట అన్నారంటే ఆ బాధ ఎంతటిదో!

స్వస్థత తేనెలో, హిజామాలో, వాతలో ఉందని దైవప్రవక్త (స) చెప్పారు. అయినా వాతలు ఆయనకు ఇష్టం లేదు, వద్దన్నారు కూడా. కందక యుద్ధంలో బాణం దెబ్బ తిన్న సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి రక్తం ఆగడానికి మాత్రం ఆయనే స్వయంగా వాత పెట్టారు. పచ్చకామెర్లకనీ, పసిపిల్లల మూర్ఛకనీ మన పల్లెల్లో పెట్టే వాతలకు దీన్ని సాకుగా చూపేవారున్నారు. రక్తం కారుతున్న గాయానికీ, కాలేయపు జబ్బుకూ పోలికే లేదు. కామెర్లు వాతతో తగ్గవు, పసివాడి ఒంటి మీద మచ్చ మాత్రం మిగులుతుంది. తల్లులు ఈ విషయంలో ఇంటి పెద్దలతో వాదించైనా సరే బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఖబ్బాబ్ (రజి)ను ఆఖరున బాధించింది ఒంటి నొప్పి ఒక్కటే కాదు. ఒకప్పుడు ఒక్క దిర్హమ్ లేని తన ఇంటి మూలన ఇప్పుడు నలభై వేల దిర్హమ్‌లు ఉన్నాయని దిగులుపడ్డారు. తన కఫన్ తెచ్చి చూపిస్తే ఏడ్చారు. ఉహుద్‌లో అమరుడైన హమ్జా (రజి)కు దొరికింది ఒక్క చారల దుప్పటి. తలకు కప్పితే కాళ్ళు, కాళ్ళకు కప్పితే తల బయటపడేది. చివరికి పాదాల మీద ఇజ్ఖిర్ గడ్డి పరిచారు. అది తలచుకొని, తన కష్టాలకు ప్రతిఫలం ఇహలోకంలోనే ముట్టిపోయిందేమోనని భయపడ్డారు.

హిజ్రీ 37 (క్రీ.శ. 657)లో ఆయన పరమపదించారు. కూఫా జనం తమవారిని ఇళ్ళ వాకిళ్ళలోనే పూడ్చుకునేవారు. తనను ఊరి బయట ఖననం చేయమని ఆయన వసీయతు చేశారు. ఆ తర్వాత ఇతరులూ తమవారిని అక్కడికే తెచ్చారు. సిఫ్ఫీన్ నుంచి తిరిగి వస్తున్న హజ్రత్ అలీ (రజి) ఆ సమాధులు చూసి ఎవరివని అడిగారు. ఖబ్బాబ్ (రజి) పేరు వినగానే, ఇష్టపడి ఇస్లాం స్వీకరించి, విధేయతతో హిజ్రత్ చేసి, ఒంటి మీద బాధలు భరించి బ్రతికిన ఆయన్ని కరుణించమని అల్లాహ్‌ను వేడుకున్నారు.