బిషప్ అజరయ్య గారు

సికింద్రాబాద్ నుంచి విజయవాడ పోయే రైలు దారిలో డోర్నకల్ వస్తుంది. అక్కడ 1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చి బిషప్ అజరయ్య గారు కట్టించిందే.

ఆయన 1874లో తమిళ దేశంలో పుట్టారు. 1902లో జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్తికులను పంపడం చూసి, మన సంఘం ఏమీ చెయ్యలేదే అని సిగ్గుపడ్డారు. మనసు కలత పడింది. ప్రార్థన చేశారు. కానీ అంతటితో ఊరుకోలేదు. 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పెట్టారు. 1909లో తానే డోర్నకల్ వచ్చేశారు. ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూశారు.

మిత్రులారా! మన ఇంటి భాష వేరు, బడి భాష వేరు. రాత్రిపూట ఇల్లు గుర్తొచ్చి, దేవుడు కూడా దూరమైనట్టు అనిపిస్తుంది. బాధపడితే విశ్వాసం పోయినట్టు కాదు. అజరయ్య గారికి బాధలోంచే దారి దొరికింది.