నిరోష్ఠ్యము నుండి సులభ వచనమునకు

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి పెదతండ్రి యండన పెరిగిరి. విద్య ముగించి ఉపాధ్యాయవృత్తి చేపట్టిరి.

తొలినాళ్లలో వారికి శబ్దచమత్కృతిపై మక్కువ మెండు. భారతమునందలి నలుని కథను గైకొని శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. పేరులోనే మూడు నియమములు గలవు: సంస్కృతపదము కూడదు; ప, బ, మ మొదలగు పెదవులు కలిసి పలుకు వర్ణములు రారాదు; నడుమ వచన ముండరాదు. దమయంతి పేరున మకార మున్నది. కావున కథానాయికను ఆమె పేరుతో పిలుచుటకే వీలులేదు! అట్టి కఠిననియమమున గెలిచిన కవికి పండితులలో కీర్తి కొదువ యేమి?

అయినను వారు ఆ త్రోవను విడిచిరి. వితంతువుల దుఃఖమును, బాల్యవివాహముల కీడును, లంచగొండుల ఆగడములను లోకమునకు తెలుపవలెనన్న, పండితులు మాత్రమే మెచ్చు పద్యము చాలదు. 1874లో వివేకవర్ధనిని స్థాపించి, సామాన్యులకు తెలియు వచనమున వ్యాసములు వ్రాసిరి. స్త్రీలకై 1883లో సతీహితబోధినిని వెలువరించిరి. వ్రాతతోనే తృప్తిపడక, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. 1919 మే 27న మద్రాసులో కన్నుమూసిరి.

వారు అలంకారము చేతగాక విడిచినవారు కారు, చేతనై విడిచినవారు. వ్యాసమున తొలివాక్యమునకై తడుముకొను విద్యార్థి, సొగసైన మాటకంటె ముందు చెప్పవలసిన విషయమును వెదకుకొనుట మేలు.